‘దిల్ ధడక్‌నే దో’ డబ్బున్నవాళ్ళ గోలేనా?

ఓడెక్కి షికారు చేసే కోటీశ్వరుల కథలో మామూలు వాళ్ళకి ఏముంటుంది, ‘దిల్ ధడక్‌నే దో’ చూడొచ్చా అని అడిగారు. తప్పకుండా చూడండి. మాది గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లు కుటుంబం. కోట్లూ లేవు, ఓడలూ లేవు. అయినా 2015లో ఈ సినిమా చూస్తుంటే చాలాచోట్ల మా ఇల్లే కనిపించింది నాకు.

జోయా అఖ్తర్ తీసిన ఈ కథలో కమల్ మెహ్రా (అనిల్ కపూర్) ఢిల్లీలో పెద్ద వ్యాపారి. ముప్పయ్యో పెళ్ళిరోజుకి బంధువుల్నీ స్నేహితుల్నీ ఓడ మీదికి పిలుస్తాడు. ఆ ఆహ్వానపత్రికలో కూతురు ఆయేషా (ప్రియాంకా చోప్రా) పేరు ఉండదు. తండ్రి, తల్లి, కొడుకు కబీర్, అంతే. పెళ్ళైన పిల్ల కాబట్టి ఇక ఈ ఇంటి మనిషి కాదన్నమాట! సొంతంగా ట్రావెల్ కంపెనీ పెట్టి నిలదొక్కుకున్న పిల్ల ఆమె. విమానాలు తోలడం తప్ప వ్యాపారం మీద మనసులేని కబీర్ మాత్రం వారసుడు.

మా మిల్లులో కొత్త బాయిలర్ పెట్టినప్పుడు వేసిన కార్డు నాకు బాగా గుర్తు. ‘ఆహ్వానించువారు’ కింద నాన్న, అన్నయ్య, పక్కన మూడేళ్ళు కూడా నిండని అన్నయ్య కొడుకు. ధాన్యం కొనుగోళ్ళ లెక్కలు, తవుడు, నూకల అమ్మకం, బ్యాంకు కాగితాలు, అన్నీ పెళ్ళయ్యాక కూడా చూసింది నేనే. నా పేరేది అని అడిగితే అమ్మ, “నీ పేరు మీ అత్తారి కార్డులో వేస్తారు కదే” అంది. అమ్మకి అది తప్పని అనిపించలేదు. సినిమాలో తల్లిదండ్రులూ అంతే, కూతురంటే ప్రేమ లేక కాదు. అందుకే ఆ సన్నివేశం అంత నిజంగా ఉంది.

కమల్ కంపెనీ దివాలా అంచున ఉంటుంది. పెట్టుబడి పెట్టగల లలిత్ సూద్ కూతుర్ని కొడుక్కి చేసుకుంటే గట్టెక్కుతామని ఆయన లెక్క. ఇది సినిమా కోసం అల్లిన కథ అనుకోకండి. వ్యాపారం చేసే ఇళ్ళలో చేతిలో డబ్బు ఆడనప్పుడు సంబంధాల మాటలు ఎలా మారిపోతాయో దగ్గర్నుంచి చూశాను. ఎవరూ అప్పు అనే మాట ఎత్తరు. “మంచి కుటుంబం, మనకి అండగా ఉంటారు” అంటారు. పెళ్ళి చేసుకోవాల్సిన వాడికి అసలు సంగతి అందరికన్నా ఆఖర్న తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది మాత్రం నీలం, అంటే కమల్ భార్య. పార్టీలో భర్త వేరే ఆడవాళ్ళతో చనువుగా మెలగడం చూస్తుంది. గదిలోకి వెళ్ళి, అద్దం ముందు కూర్చుని, కేకు నోట్లో కుక్కుకుంటుంది. ఏడుపుని ఆ కేకుతోపాటే మింగేసి, మొహం సర్దుకుంటుంది. ఒక్క మాట ఉండదు. షెఫాలీ షా నటన కోసమే ఈ సినిమా ఒకసారి చూడాలంటాను. అన్నట్టు, ఆయేషా అత్తగారుగా వేసిన జరీనా వహాబ్ మన విశాఖపట్నం ఆవిడే.

భార్యని వ్యాపారం చేసుకోనిచ్చానని గొప్పగా చెప్పుకునే ఆయేషా భర్తని, ఆమెకి నీ అనుమతి ఎందుకు అని సన్నీ (ఫర్హాన్ అఖ్తర్) నిలదీసే చోటు కూడా జాగ్రత్తగా వినండి. గొంతు పెంచకుండా, నలుగురి మధ్యా అడుగుతాడు. అసలు ఒకప్పుడు ఆయేషా ఇష్టపడింది ఈ సన్నీనే. కమల్ మేనేజరు కొడుకు. చదువు పేరుతో అతన్ని అమెరికా పంపించి ఆ ప్రేమని తెంచింది కమలే.

లోపాలు లేకపోలేదు. సినిమా దాదాపు మూడు గంటలు. కుక్క నోట కథ చెప్పించడం, దానికి ఆమిర్ ఖాన్ గొంతే అయినా, నాకు నచ్చలేదు. తెర మీద కనిపిస్తున్నదాన్నే అది మళ్ళీ వివరిస్తుంది. ముగింపు కూడా బొత్తిగా తేలిక. కొడుకు సముద్రంలోకి దూకడం, ఇంటిల్లిపాదీ పడవలో వెంటపడటంతో అన్నీ సర్దుకున్నట్టే చూపిస్తారు. అన్నాళ్ళూ ఆ తండ్రికి నిద్రలేకుండా చేసిన అప్పులు పక్కకి పోతాయి. మా ఇంట్లో అలాంటి టెన్షన్ ఏళ్ళ తరబడి నడిచింది. అందుకేనేమో ఆ చివరి పావుగంటని మాత్రం నేను నమ్మలేకపోయాను.