టైప్ వన్ షుగర్ ఉన్న పదహారేళ్ల అబ్బాయికి సీఆర్‌పీ 6.8 వస్తే గుండెకు ప్రమాదమా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీరు రాసినది ఇదీ: బాబుకి పదహారేళ్లు, టైప్ వన్ వచ్చి ఆరేళ్లు, జూనియర్ కాలేజీ హాస్టల్లో ఉంటున్నాడు, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) 8.9. ప్యాకేజీ టెస్టుల్లో హెచ్ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే పెరిగే రక్తపరీక్ష) 6.8 వచ్చింది, అంతకు ముందు వారమే జ్వరం తగ్గింది. నా మాట వింటే ఆ 6.8 పక్కన పెట్టి 8.9 సంగతి చూడండి.

సీఆర్‌పీ ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, చిగుళ్లు వాచినా సరే. వానాకాలం జ్వరాల సీజన్లో తీసిన రక్తంతో గుండె గురించి ఏం చెప్పగలం? చేయించాలనే ఉంటే ఒళ్లు బాగుపడ్డ రెండు మూడు వారాలకు చేయించండి. రిపోర్టులో లీటరుకా, డెసీలీటరుకా అన్నదీ చూడండి, పదింతల తేడా. ఆ అంకె ఒక్కటే చూసి పిల్లలకు మందు రాసే పద్ధతి లేదు. అలాంటి టెస్టు అంటగట్టి, అసలు అవసరమైనది వదిలేసే ప్యాకేజీలంటే నాకు మహా కోపం.

ఆ అవసరమైనది యూరిన్ అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో, అంటే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూసే టెస్టు. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంటే తొలి జాడ చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. పదేళ్లు దాటి, షుగర్ వచ్చి ఐదేళ్లయిన పిల్లలకు ఏటా చేయించాలి. 'యూరిన్ రొటీన్‌లో ప్రొటీన్ నిల్ అని ఉంది కదా' అనుకోకండి, ఆ టెస్టులో మూత్రంలో ముంచే పట్టీకి కొద్దిపాటి అల్బుమిన్ అందదు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం, మధ్యధార పట్టాలి. ముందురోజు క్రికెట్, జిమ్ వద్దు. జ్వరం ఉంటే వాయిదా వేయాలి, ఆడపిల్లలకైతే నెలసరి రోజుల్లో వద్దు. రేషియో 30 దాటినా కంగారు పడకండి. ఆరు నెలల్లోపు మూడు శాంపిళ్లలో రెండు ఎక్కువ వస్తేనే లెక్క.

బీపీ ఐదు నిమిషాలు కూర్చోబెట్టాక, చేతికి సరిపడే కఫ్‌తో చూడాలి. ఈ వయసులో 130/80 కిందే ఉండాలి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 100 లోపు. కంటి రెటీనా పరీక్ష కూడా.

ఇక 8.9 సంగతి. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా 1,441 మంది టైప్ వన్ వాళ్లతో డీసీసీటీ అనే అధ్యయనం జరిగింది. ఒక గుంపు హెచ్‌బీఏ1సీ సుమారు 7 దగ్గర, రెండోదానిది 9 దగ్గర ఉంది. అధ్యయనం అయ్యాక రెండు గుంపుల షుగరూ ఇంచుమించు ఒకటే అయినా, 2005లో లెక్క తీస్తే మొదటి గుంపులో గుండె, రక్తనాళాల జబ్బులు 42 శాతం తక్కువ. ఈ వయసులో పెరిగిన షుగర్‌ని రక్తనాళాలు అంత త్వరగా మరచిపోవు.

అందుకే ముందు హాస్టల్ వైపు చూడండి. భోజనం బెల్ కొట్టాక పది నిమిషాల్లో తిని పరుగెత్తే చోట, తినడానికి 15 నిమిషాల ముందు వేసుకోవాల్సిన ఇన్సులిన్ తిన్నాక పడుతుంది, లేదా అసలు పడదు. డాక్టరు లెటర్‌తో వార్డెన్‌ని కలవండి. బాబు పొట్ట మీద చేత్తో తడిమి చూడండి. రోజూ ఒకేచోట పొడిస్తే మెత్తటి గడ్డ కడుతుంది, అక్కడ వేసిన ఇన్సులిన్ సరిగ్గా ఎక్కదు. కొత్త చోటికి మార్చేటప్పుడు డోసు తగ్గించాల్సి రావచ్చు, లేకపోతే లో షుగర్ అవుతుంది. అది డాక్టరుని అడిగే చేయండి.