పురి కింద పందికొక్కు, అటక మీద ఎలక

చి. రాజాకు మావయ్య ఆశీస్సులు.

ఊళ్ళో ఇల్లు, పశువుల పాక, వడ్ల కొట్టు మళ్ళీ వాడకంలోకి తెస్తున్నావు కనక ఎలకల సంగతి ముందే రాస్తున్నా అల్లుడూ. కోతలయ్యాక పొలంలో వాటికి తిండి ఉండదు. గట్ల మీద బతికేవన్నీ గడ్డివాములోకీ పాకలోకీ దిగుతాయి. కోతలకు ముందే పని మొదలుపెడితే సగం బాధ తప్పుతుంది.

ముందు వచ్చిందెవరో తేల్చుకో. చిట్టెలుక పెంటికలు వడ్లగింజలో సగం ఉంటాయి. ఇంటి ఎలకవి అరంగుళం దాకా ఉంటాయి, అటక మీద, దూలాల మీద, చూరు కింద కనపడతాయి. పందికొక్కు నేలమీద మనిషి. వడ్లు నిలవచేసే పురి కింద, గోడ పునాది పక్కన కన్నం తవ్వి, మూతి దగ్గర కొత్త మట్టి కుప్ప పోస్తుంది. ఒక్కోసారి ఆ మట్టితోనే మూతి మూసుకుని లోపల పడుకుంటుంది. వడ్లు కూడా లోపలికి లాక్కెళ్ళి దాస్తుంది. ముట్టె పొడుగ్గా ఉండి కంపు కొట్టేది చుంచెలుక. అది పురుగుల్ని తింటుంది, దాని జోలికి పోనక్కర్లేదు.

మందు చల్లి ఏం లాభం లేదనేవాళ్ళలో చాలామంది పాకలో తవుడు బస్తా మూతి విప్పి ఉంటుంది. కమ్మటి తెలగపిండి పక్కనుండగా ఎలక నీ విషపు నూకలు ఎందుకు ముట్టుకుంటుంది? కాబట్టి దాణా, తవుడు, నూకలు మూతలున్న రేకు డ్రమ్ముల్లోకి మార్చు. ప్లాస్టిక్ డ్రమ్ము అంచు దొరికితే కొరికేస్తాయి. కోళ్ళకు వేసిన గింజలు చీకటి పడేలోపు ఊడ్చెయ్. వడ్ల బస్తాలు చెక్క బల్లల మీద, గోడకు అడుగున్నర ఎడంగా పేర్చు. ఆ సందులో మనిషి నడిస్తేనే కన్నం కంటబడుతుంది. కొత్తగా గాదె కట్టిస్తే కాళ్ళు మూడడుగులు లేపి, ఒక్కో కాలికి పైన గరాటు బోర్లించినట్టు రేకు తొడిగించు. మెట్లు ఆనించి వదిలేస్తే మాత్రం ఆ రేకు దండగ.

తర్వాత దారులు. పెన్సిలు పట్టే సందులో చిట్టెలుక దూరుతుంది, బొటనవేలు పట్టే సందులో ఎలక దూరుతుంది. తలుపుల కింది అంచుకు, లోపలా బయటా, అడుగెత్తు రేకు కొట్టించు. కిటికీలకూ గాలి కన్నాలకూ పావంగుళం కన్నాల ఇనుప జాలీ బిగించు. పునాది కన్నాల్లో గాజు పెంకులు కుక్కి సిమెంటు పెట్టు. మట్టి ఒక్కటే పూస్తే రాత్రికి రాత్రే తోడేస్తాయి. పెంకుటింటి మీదికి వాలిన కొమ్మలు నాలుగడుగుల దూరానికి కొట్టించు. కన్నాలు మూసేముందు లోపలున్నవాటిని పట్టాలి, లేకపోతే లోపలే చచ్చి ఇల్లంతా కంపు.

బోన్ల దగ్గర అందరూ తొందరపడతారు. ఎలక కొత్త వస్తువును రెండుమూడు రోజులు అనుమానంగా చూస్తుంది. ఆ రోజుల్లో బోను తలుపు కట్టేసి, ఎర మాత్రం పెట్టు. అలవాటుగా తినడం మొదలయ్యాకే బిగించు. చిట్టెలుకకు ఆ భయం తక్కువ, మొదటి రాత్రే పడుతుంది. దానికి బోన్లు ఎక్కువ కావాలి, గోడ వెంట రెండేసి గజాలకు ఒకటి. కొట్టే బోనైతే ఎర ఉన్న కొస గోడవైపుండాలి, ఎందుకంటే అవి గోడనానుకునే పరుగెడతాయి. ఎరకు ఎండుచేప, నూనెలో వేయించిన ఎండుకొబ్బరి, మసాలా వడ ముక్క మంచివి. జిగురు అట్టలు తేకు. బల్లులూ కోడిపిల్లలూ కూడా అంటుకుంటాయి.

పందికొక్కు కన్నాలకు సాయంత్రం అన్నిటికీ మట్టి కప్పు. తెల్లారి తెరుచుకున్నవే బతికున్నవి, మందు వాటికే. బ్రోమాడయోలోన్ అనే ఎలకల మందు వాడు. కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల 0.25 శాతం మందు పొడి. చేతికి తొడుగు వేసుకుని, కర్రతో కలుపు. చేతి వాసన తగిలితే ముట్టవని అంటారు కానీ తొడుగు నీ క్షేమం కోసం. 15 గ్రాముల పొట్లాలు కట్టి కన్నం లోపలికి తోసి, మూతి మట్టితో కప్పు. పాకలోపలైతే ఇదే మందుతో తయారుగా దొరికే ఎర బిళ్ళలు నాలుగంగుళాల గొట్టం ముక్కలో పెట్టి గోడకు కట్టెయ్. నాలుగైదు రోజులకు గానీ చావవు, మందు పనిచెయ్యలేదని పైన ఇంకో రకం మందు వెయ్యకు. తిన్నంత మళ్ళీ నింపుతూ ఉండు.

జింకు ఫాస్ఫైడ్ పొలం గట్లకే పనికొస్తుంది. రెండు రోజులు ఉత్త నూకలు నూనెతో అలవాటు చేసి, మూడోరోజు రెండు శాతం మందు కలిపి కన్నానికి 10 గ్రాములు వేస్తారు. సగం తిని బతికిన ఎలక మళ్ళీ ముట్టదు, అందుకే ఒకే పంటకు రెండోసారి వెయ్యకు. దానికి విరుగుడు లేదు. ట్యూబుల్లో అమ్మే పసుపు భాస్వరం పేస్టుకూ లేదు, కాలేయం పోతుంది. ఆ పేస్టు ఇంటి గడప దాటనివ్వకు. అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు ఇంటి పక్క కన్నంలో వేస్తే ఆ విషవాయువు గోడ పగుళ్ళలోంచి పడకగదిలోకి వస్తుంది, నిద్రలోనే మనుషులు పోతారు. ఎవరు ఇచ్చినా తీసుకోకు. కుండలో గడ్డి కాల్చి కన్నంలోకి పొగ పెట్టే పని పొలంలోనే, వాము పక్కన వద్దు.

చచ్చినవాటిని రోజూ ఉదయాన్నే ఏరి, రెండడుగుల లోతున పూడ్చు. కుక్కా పిల్లీ తింటే వాటికీ విషం ఎక్కుతుంది. పెంటికలు పొడిగా ఊడవకు. బ్లీచింగు నీళ్ళు చల్లి పది నిమిషాలు నాననిచ్చి, తడిగుడ్డతో తియ్. ఎలకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, కాళ్ళకు పుండ్లుంటే చెప్పుల్లేకుండా పాకలోకి పోకు. తర్వాత జ్వరం తగిలితే డాక్టరుకు ఎలకల సంగతి చెప్పు.

పాకలో జెర్రిపోతు కనపడితే కొట్టించకు, ఎలకల పని అదే చూసుకుంటుంది. పిల్లిని పెంచుకో, కానీ ఎదిగిన పందికొక్కు ముందు దాన్ని నమ్ముకోకు.

మందు డబ్బాలు తాళమున్న పెట్టెలో, అసలు పేరున్న అట్టతోనే ఉంచు. పిల్లలెవరైనా నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించాలని చూడకు, డబ్బా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పో. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు ఉంది, పేరు తెలిస్తేనే వాళ్ళు అదిస్తారు.

మీ మావయ్య