1946 నాటి నల్లగొండ పల్లెను తక్కువ ఖర్చులో ఎట్ల చూపాలి?

తెలంగాణ సాయుధ పోరాటం మీద 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్, కథ 1946 జూలైలో, షూటింగ్ మిర్యాలగూడ దగ్గర, డబ్బంతా తుపాకులకూ రజాకార్ల బట్టలకే పోతోందని రాశారు. ముందు ఆ రెండు ఖర్చులూ తగ్గించండి. అప్పటి జనగామ తాలూకా కడవెండిలో ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమురయ్య నేలకొరిగింది 1946 జూలై 4న. ఆనాటికి సంఘపోళ్ల (ఆంధ్ర మహాసభ వాళ్ల) చేతుల్లో ఉన్నవి గుత్పలు (దుడ్డుకర్రలు), వడిసెలలు (రాళ్లు విసిరే తాళ్లు). ఎదురుగా నిలిచింది విసునూరు దేశ్‌ముఖ్ (దొర) గూండాలు, తుపాకి చూపాలంటే వాళ్ల చేతుల్లోనే చూపండి. సంఘపోళ్లకు తుపాకి పట్టమని పిలుపు వచ్చింది 1947 సెప్టెంబర్ 11న. రజాకార్లు ఊళ్ల మీద పడిందీ ఆ తర్వాతి ఏడాదిలోనే ఎక్కువ.

మిర్యాలగూడ కూడా వద్దు. అక్కడి వరి మడులు ఎక్కువగా నాగార్జునసాగర్ ఎడమ కాల్వవి, ఆ కాల్వకు నీళ్లు వదిలింది 1967లో. దేవరకొండ, మునుగోడు దిక్కు మెట్ట చెల్కలు చూడండి. జొన్న, సజ్జ, ఆముదం వేసిన నేల కావాలి. జూలై అంటే పైరు ఇంకా మొలక మీదే ఉంటుంది, నిలువెత్తు జొన్నచేను చూపితే నెల తప్పినట్టే. కరెంటు తీగలు, బోరు మోటర్లు, నీలగిరి చెట్లు ఫ్రేములోకి రానీయకండి.

మిగిలిన డబ్బు మోట మీద, అంటే ఎడ్లతో బాయిలోంచి నీళ్లు తోడే ఏర్పాటు మీద పెట్టండి. వెట్టి (కూలి లేని చాకిరీ) అంటే ఏమిటో ఒక్క డైలాగు లేకుండా చెప్పే పని అది. తన చెల్క ఎండుతుంటే దొర మడికి నీళ్లు తోడే మనిషిని చూపితే చాలు. బొక్కెన కింది తోలు తొండాన్ని (నీళ్లు బయటికి పోసే గొట్టాన్ని) ముందురోజు రాత్రే నానబెట్టాలి, ఎండిన తోలు మడత దగ్గర పగిలి నీళ్లన్నీ కారిపోతాయి. బొక్కెనను లాగే మోకు (లావు తాడు) నైలాన్‌ది కాకూడదు. అసలు చిక్కు ఎడ్లతో. బొక్కెన దించేటప్పుడు అవి బాయి దాకా వెనక్కి నడవాలి. ఇప్పటి ఎడ్లకు ఆ అలవాటు లేక అడ్డం తిరుగుతాయి, మోకు మెలిపడుతుంది. అందుకని నిండు బొక్కెనను లాగుతూ ఎడ్లు ముందుకు నడిచేదే పూర్తిగా తీయండి. వెనకడుగు షాటుకు మోకు విప్పేసి, కాళ్ల వరకే తీసి కలుపుకోండి. మోకు మీద కూర్చుని తోలడం తెలిసిన పెద్దమనిషితోనే చేయించండి, నటుణ్ని కూర్చోబెట్టొద్దు. మోకు తెగితే నడుం విరుగుతుంది.

షాహుకారు లెక్కపెట్టే రూపాయి మీద చార్మినార్ ఉండాలి, అది నిజాం నాణెం, హాలీ సిక్కా. ఠాణా బోర్డు, అమీను (పోలీసు అధికారి) కాగితాలు ఉర్దూలో ఉండాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉర్దూ పేస్ట్ చేస్తే చాలాసార్లు అక్షరాలు విడిపోయి ఎడమ నుంచి కుడికి పడతాయి. ఉర్దూ చదివిన పెద్దవాళ్లతో చేత్తో రాయించుకోండి, ప్రింటు కన్నా చేతిరాతే ఆ కాలానికి నప్పుతుంది.

ఇక ‘బాంచన్ కాల్మొక్త’ (నీ బానిసను, కాళ్లు మొక్కుతా) అనే మాట. దాన్ని సినిమాల్లో ప్రతి సీనులో వాడుతున్నారు. మీ కథలో ఒక్కచోట, గడి (దొర కోట) వాకిట్లో వాడండి.