ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడబోతే నోరు పెగలదు. స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరితే ఫలితం ఉంటుందా?

ప్రశ్నతో పాటు మీరు రాసిన వివరం చదివాను. బీటెక్ అయింది. పేపరు చదివితే అర్థమవుతుంది, మెయిల్ రాయగలరు. ఇంటర్వ్యూలో బట్టీ పట్టిన పరిచయం అయిపోయి, వాళ్ళు ఇంకో ప్రశ్న వేయగానే గొంతు ఎండిపోతుంది. అమీర్‌పేటలో నెల రోజుల కోర్సుకు డబ్బు కట్టాలా వద్దా అని అడుగుతున్నారు. రాజమండ్రిలో చాలా ఏళ్ళు సాయంత్రం బ్యాచ్‌లకు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పినవాణ్ణి కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకు కాస్త ఉందనుకుంటాను. అమీర్‌పేట సంగతి చివర్లో చెబుతాను. ముందు నేను చెప్పదలుచుకున్నది వినండి.

మా గోదావరి జిల్లాల నుంచీ, అటు కడప, రాయచోటి వైపు నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళను ఎవరినైనా కదిపి చూడండి. అరబ్బీ గలగలా మాట్లాడేస్తారు. ఆ భాషలో తమ పేరు రాయమంటే మాత్రం రాయలేరు. వెళ్ళిన కొత్తలో ఇంటి యజమానురాలు (వీళ్ళు 'మామ' అంటారు) 'జీబీ మాయ్' అంటే, అది మంచినీళ్ళు తెమ్మని చెప్పడమో, తిట్టడమో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డవాళ్ళే. రెండో రంజాన్ వచ్చేసరికి కొట్టువాడితో బేరమాడతారు, ఆ ఇంటి పిల్లల్ని కసురుతారు, జీతం ఆలస్యమైతే నిలదీస్తారు. ఎవరూ గ్రామర్ చెప్పలేదు. మన కుర్రాళ్ళేమో ఎల్‌కేజీ నుంచి బీటెక్ దాకా ఇంగ్లీషులోనే చదివి, ఎయిర్‌పోర్టులో గేటు ఎటు అని అడగడానికి మూడుసార్లు మనసులో రిహార్సల్ వేసుకుంటారు.

అలాంటావిడే ఒకసారి నా బ్యాచ్‌లో చేరింది. అమలాపురం దగ్గర పల్లె, ఎనిమిదో తరగతి చదువు. కువైట్‌లో చాలాకాలం పనిచేసి వచ్చింది. ఈసారి సింగపూర్ వెళదామనుకుంటే, 'అక్కడి మేడమ్ ఫోన్‌లో ఇంగ్లీషులో అడుగుతుంది, జవాబు చెబితేనే పని' అన్నాడట ఏజెంటు. మిగతా బ్యాచ్ అంతా ఇంజినీరింగ్, డిగ్రీ కుర్రాళ్ళు. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చునేది. కుర్రాళ్ళు 'అక్కా' అనేవారు గానీ, ఈవిడకి ఇక్కడేం పని అన్నట్టుండేది వాళ్ళ చూపు.

నాకు 'నువ్వు డాక్టర్, నువ్వు పేషెంట్' అని ఆడించే రోల్ ప్లేల మీద నమ్మకం లేదు. ఎదురుగా ఉన్నది పక్క బెంచీవాడే అని తెలిశాక, వాడికి అర్థం కావాలన్న ఆరాటం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని ఆ రోజు ఒక పని పెట్టాను. ఎవరి ఫోన్ నుంచి వాళ్ళు కస్టమర్ కేర్‌కి కాల్ చెయ్యాలి, ఇంగ్లీష్ కోసం ఏ నంబరు నొక్కమంటే అది నొక్కాలి, స్పీకర్ ఆన్‌లో పెట్టి మాట్లాడాలి. సమస్య నిజమైనదై ఉండాలి. సమస్య ఎవరికుందంటే అందరూ చేతులెత్తారు. ఎవరు మాట్లాడతారంటే ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి ఒకడు లేచి, ముందు నోట్‌బుక్కులో రాసుకుంటానన్నాడు. రాశాడు, కొట్టేశాడు. 'వాజ్ డిడక్టెడ్' అనాలా, 'హ్యాజ్ బీన్ డిడక్టెడ్' అనాలా అని పక్కవాణ్ణి అడిగాడు. వాడు ఆ పక్కవాణ్ణి అడిగాడు.

ఇంతలో వెనక నుంచి, 'నేను మాటాడతానండి మేష్టారూ, నాకూ డబ్బులు పోయినాయండి' అని వినిపించింది.

సంచిలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. నంబర్లు నొక్కడం అయింది, మ్యూజిక్ అయింది, అవతల ఒకమ్మాయి ఎత్తింది. ఈవిడ అందుకుంది: 'గుడ్ ఈవినింగ్ మేడమ్. ఐ రీచార్జ్. మనీ గో. నెట్ నో కమ్. వై మేడమ్?'

క్లాసంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ అటు చూడనైనా చూడలేదు. అవతలమ్మాయి గుక్క తిప్పుకోకుండా ఏదో పెద్ద వాక్యం వదిలింది. నంబరు ఇదేనా, రీచార్జ్ ఎప్పుడు చేశారు అని. 'స్లో, స్లో మేడమ్. వన్ మోర్ టైమ్' అంది ఈవిడ. ఆ అమ్మాయి నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. 'యెస్ యెస్, సేమ్ నంబర్. ఎస్టర్‌డే నైట్.' రెండు మాటలు నడిచాక అవతలమ్మాయికి మన యాస తెలిసిపోయినట్టుంది, 'మేడమ్, తెలుగులో మాట్లాడమంటారా?' అని చక్కటి తెలుగులో అడిగింది. ఇంకొకరైతే బతుకుజీవుడా అనుకుని తెలుగులోకి దూకేసేవాళ్ళే. ఈవిడ మాత్రం, 'నో మేడమ్. ఇంగ్లీష్ ఓన్లీ. ఐ లెర్నింగ్. టుడే యూ మై టీచర్' అంది. ఆ అమ్మాయి నవ్వేసింది. అక్కణ్ణుంచి చిన్న చిన్న వాక్యాల్లో, ఆగి ఆగి మాట్లాడింది. రెండు గంటల్లో ప్యాక్ వస్తుందని చెప్పింది. ఈవిడ ఊరుకోలేదు. 'టూ అవర్స్, నెట్ కమ్? ష్యూర్? నో కమ్ మీన్స్, ఐ కాల్ యూ ఎగైన్.' ఫోన్ కట్ చేసి, సంచిలో పెట్టుకుని వెళ్ళి కూర్చుంది. నోట్‌బుక్కు కుర్రాడి వాక్యం ఇంకా పూర్తి కాలేదు.

గ్రామర్ ప్రకారం ఆవిడ మాట్లాడినదాంట్లో నిలబడే వాక్యం ఒక్కటీ ఉండదు. సంభాషణగా చూస్తే ఏ లోటూ లేదు. పలకరించింది, పని చెప్పింది, అర్థం కానిచోట ఆపి మళ్ళీ చెప్పించుకుంది, విన్నది సరిగ్గా విన్నానో లేదో తేల్చుకుంది, చివర్లో చిన్న బెదిరింపు కూడా వేసింది. ఈ నేర్పంతా ఆవిడకు కువైట్‌లో అబ్బింది. భాష మారింది, అంతే. ఆ వారమంతా మా కుర్రాళ్ళు కస్టమర్ కేర్ వాళ్ళను కునుకు తియ్యనివ్వలేదు. ఆవిడ ఫోన్ ఇంటర్వ్యూ గట్టెక్కి సింగపూర్ వెళ్ళింది.

అలాంటి విరిగిన ఇంగ్లీషుతో నాకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందా అని మీరు అడగొచ్చు. రాదు. కానీ ఆవిడకు లేని గ్రామర్ మీ దగ్గర దండిగా ఉంది. మాట్లాడేవాడి తప్పులు దిద్దొచ్చు, నోరు కట్టేసుకున్నవాడి దగ్గర దిద్దడానికేం దొరుకుతుంది?

ఇది నేను కనిపెట్టిన విద్యేం కాదు. 1979లో ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన బెంగళూరు, మద్రాసు వైపు స్కూళ్ళలో ఒక ప్రయోగం మొదలుపెట్టి ఐదేళ్ళు నడిపారు. గ్రామర్ పాఠం పక్కన పెట్టి, రైళ్ళ టైంటేబులో, మ్యాపో పిల్లల ముందు పెట్టి, దాన్నుంచి ఏదో ఒకటి తేల్చమనేవారు. ధ్యాస ఆ పని మీద ఉంటే భాష దానంతటదే పడుతుందని ఆయన నమ్మకం. ఇంగ్లీషు టీచర్ల చదువుల్లో పై దేశాలవాళ్ళు కూడా దాని గురించి చదువుకుంటారు. మన పొరుగునే జరిగినా మన క్లాసురూముల్లోకి మాత్రం అది రాలేదు. హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసం 1958లోనే కేంద్ర ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది, అదే ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). ఇన్నేళ్ళ తర్వాత కూడా పదో తరగతి పిల్లాడు ఇంగ్లీషులో నోరు విప్పకుండానే ఇంగ్లీషు పేపరు పాసైపోతాడు. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది, సంతోషమే. మన కాలేజీలు దాన్నీ బట్టీలోకి దించేస్తాయని నా అనుమానం. ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఇంగ్లీష్ ల్యాబ్ గుర్తుందా? మాట్లాడటం నేర్పే ల్యాబ్‌కి రికార్డు రాయించి సంతకం పెడతారు!

అసలు ఇవన్నీ రాకముందే గిడుగు రామమూర్తి పంతులుగారు చేసి చూపించారు. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకోవాలనుకుంటే ఆయనకు పుస్తకమేదీ? సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, పలికి నేర్చుకున్నారు. నిఘంటువూ వ్యాకరణమూ ఆ తర్వాత ఆయనే రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసే ఊళ్ళలోనే, తెలుగులో మాట్లాడాడని పిల్లాడికి పదో ఇరవయ్యో ఫైన్ వేసే స్కూళ్ళున్నాయి. ఆ ఫైన్ దెబ్బకి పిల్లలకు ఇంగ్లీష్ రావడం నేనైతే చూడలేదు. స్కూల్లో నోరు మూసుకోవడం వస్తుంది. ఒక్క వాక్యం మాత్రం తడుముకోకుండా చెబుతారు: 'మిస్, హీ ఈజ్ టాకింగ్ ఇన్ తెలుగు మిస్.' పదిహేనేళ్ళ తర్వాత ఆ పిల్లలే నా బ్యాచ్‌కి వచ్చి, 'సార్, మాట్లాడాలంటే టెన్షన్' అంటారు. ఉండదా మరి!

సరే, మీ విషయానికొద్దాం. నా లెక్కలో మీకు రెండు చిక్కులున్నాయి. మొదటిది చెవి. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషువాళ్ళు ఒక ముక్కను ఒత్తి పలికి, అటూ ఇటూ ఉన్నవాటిని మింగేస్తారు. 'వాట్ డూ యూ వాంట్ టు డూ' కాగితం మీద చదివితే మీకు చిటికెలో అర్థమవుతుంది. 'వాడియ వానా డూ' అని చెవిన పడితే ఇదేదో కొత్త భాష అనిపిస్తుంది. దీనికి నా మందు క్రికెట్ కామెంటరీ. బంతి ఎటు పోయిందో కళ్ళకు కనిపిస్తుంటుంది కాబట్టి, కామెంటేటర్ ఏమన్నాడో సగం మీరే ఊహిస్తారు, మిగతా సగం చెవి పట్టుకుంటుంది. అదే ఓవర్ మళ్ళీ మళ్ళీ వినండి. తర్వాత టీవీ మ్యూట్ చేసి మీరే చెప్పండి. హర్షా భోగ్లే మన హైదరాబాదులో పుట్టి పెరిగినవాడే. మన ఊళ్ళో పెరిగిన నోటికీ అంత ఇంగ్లీష్ పలుకుతుందన్నమాట. సినిమాలు తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడమనే సలహా మాత్రం దండగ. కళ్ళు చదివేస్తుంటే చెవులు నిద్రపోతాయి.

రెండోది ఊతపదాలు. తెలుగులో మాట తట్టకపోతే మీరు మౌనంగా ఉండరు. 'అదేనండీ', 'అంటే ఏంటంటే', 'ఏదో అంటారు చూడండి' అంటూ లాక్కొస్తారు, ఈలోగా మాట దొరుకుతుంది. ఇంగ్లీషులో ఇవి మీకు ఎవరూ నేర్పలేదు, అందుకే గొంతు ఆగిపోతుంది. 'వాట్ ఐ మీన్ ఈజ్', 'లెట్ మీ పుట్ ఇట్ దిస్ వే', 'ఐ డిడింట్ క్యాచ్ దట్, కుడ్ యూ సే ఇట్ ఎగైన్?' లాంటివి పది పన్నెండు నాలుక మీద ఉంచుకోండి. నోట్‌బుక్కు కుర్రాడికి నేను చేసిన వైద్యం ఇదే, బాగానే పనిచేసింది. 'తెలుగులో ఆలోచించకు, ఇంగ్లీషులో ఆలోచించు' అని చెప్పే మేధావులను పట్టించుకోకండి. ఎలా ఆలోచించాలో వాళ్ళూ చెప్పరు. అమెరికన్ యాస నేర్పుతామనేవాళ్ళ జోలికి అసలే పోవద్దు. మాట స్పష్టంగా ఉంటే మన యాస ఎవరికీ అడ్డం రాదు.

ఇక అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఉన్న ఫ్లెక్సీల మీద ఎన్ని రోజుల్లో వస్తుందని రాశారో చూసి చేరకండి. డెమో క్లాసుకు వెళ్ళి, ఆ గంటలో ఎవరు మాట్లాడుతున్నారో గమనించండి. బోర్డు మీద పన్నెండు టెన్సుల పట్టిక గీస్తే మర్యాదగా లేచి వచ్చెయ్యండి. క్లాసులో 40 మంది ఉన్నారనుకోండి, సారు అసలు నోరే తెరవకపోయినా గంటలో మీ వంతుకు వచ్చేది ఒకటిన్నర నిమిషం. దానికోసం బస్సులో రెండు గంటలు నిలబడాలా? పది మందికి మించని బ్యాచ్ దొరికితే చేరండి, దొరక్కపోతే మీలాగే అవస్థ పడుతున్న ఇంకొకరిని పట్టుకుని రోజూ రాత్రి ఫోన్‌లో ఇంగ్లీషులోనే మాట్లాడుకోండి. ఇవాళ ఏం జరిగింది, అద్దె ఎంత పెంచారు, ఏ హోటల్లో బిర్యానీ బాగుంది, ఏదైనా సరే. ఆ మనిషి మీకంటే బాగా మాట్లాడేవాడు కాకుండా చూసుకోండి, అడుగడుగునా దిద్ది ప్రాణం తీస్తాడు. అమెరికాలో ఉన్న బావగారినైతే అసలే పెట్టుకోవద్దు.