బోటులో బ్యాటరీ తెల్లారేదాకా ఆగాలంటే

ఒకే 12 వోల్టుల బ్యాటరీ మీద జీపీఎస్, ఫిష్ ఫైండర్ (నీళ్లలో చేపల్ని చూపించేది), వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు, లైట్లు అన్నీ నడిపితే తెల్లారేసరికి ఇంజను స్టార్ట్ అవ్వట్లేదని అడిగారు కదా. ముందు రెండో బ్యాటరీ పెట్టండి. ఒకటి ఇంజను స్టార్టింగ్‌కి మాత్రమే, దాన్ని ఇంక దేనికీ వాడొద్దు. రెండోది పరికరాలకి, అది డీప్ సైకిల్ రకం, అంటే మళ్ళీ మళ్ళీ బాగా ఖాళీ చేసి ఛార్జ్ చేసుకునే రకం అయి ఉండాలి, ఎందుకంటే స్టార్టింగ్ బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వడానికి చేసింది, రోజూ సగం దాకా ఖాళీ చేస్తే తొందరగా పోతుంది.

లెక్క సులువే. ఫిష్ ఫైండర్ 1 ఆంపియర్, జీపీఎస్ అర, వీహెచ్‌ఎఫ్ వింటున్నప్పుడు అర, ఎల్‌ఈడీ లైట్లన్నీ కలిపి 1 అనుకుంటే మొత్తం 3, అంటే 12 గంటలకి 36 ఆంపియర్ అవర్లు (ఏహెచ్). లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి 80 నుంచి 100 ఏహెచ్ తీసుకోండి. వీహెచ్‌ఎఫ్‌లో 25 వాట్లతో మాట్లాడితే 5, 6 ఆంపియర్లు లాగుతుంది, పక్క బోటుతో అయితే 1 వాటు చాలు. పాత 25 వాట్ల బల్బులుంటే మార్చేయండి, ఒక్కోటి 2 ఆంపియర్లు తింటుంది.

వల వేశాక ఫిష్ ఫైండర్ ఆపేయండి. వీహెచ్‌ఎఫ్ మాత్రం ఆపదలో పిలవడానికి వాడే 16వ ఛానల్‌లో ఆన్‌లోనే ఉంచండి, దయచేసి అక్కడ పొదుపు చూడకండి.

టెర్మినల్స్‌కి ఉప్పు పట్టకుండా తుడిచి గ్రీజు రాయండి. లోడు ఆపి కాసేపాగి మీటరు పెడితే 12.2 వోల్టులు చూపించిందంటే సగం అయిపోయినట్టే.