ఆర్బిట్రేషన్ నోటీసొస్తే పంచాయితీలే అనుకొని ఊరకుండొద్దు

ప్రశ్న: మాది తాడిపత్రి. ఇంకో పార్ట్‌నర్‌తో కలిసి బండల పాలిష్ ఫ్యాక్టరీ పెట్టినాను, లెక్కల్లో గొడవొచ్చింది. గొడవొస్తే ఆర్బిట్రేషన్ అని మా పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో (ఒప్పంద పత్రంలో) ఉంది. ఇప్పుడాయన తన సొంత ఆడిటర్‌నే ఆర్బిట్రేటర్‌గా పెడతానని, 30 రోజుల్లో ఒప్పుకుంటూ సంతకం పెట్టి పంపమని నోటీసిచ్చినాడు. ఇది మీడియేషన్ లాంటిదే, నచ్చకపోతే లేచి రావచ్చులే అంటున్నారు మావాళ్ళు. నిజమేనా సార్?

జవాబు: కాదండీ, ఆ మాట నమ్మితే నష్టపోతారు. మీడియేటర్ దగ్గర్నుంచి లేచి రావచ్చు, ఆర్బిట్రేటర్ దగ్గర అది కుదరదు. మనం ఇద్దర్నీ మధ్యవర్తే అంటాం కాబట్టి చాలామందికి ఈ పొరపాటు జరుగుతోంది. మీడియేటర్ ఇద్దరితో మాట్లాడతాడు, విడివిడిగా కూర్చోబెట్టి కూడా అడుగుతాడు, కానీ తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు, మీరిద్దరూ సరే అని సంతకం పెడితేనే సెటిల్‌మెంట్. ఆర్బిట్రేటర్ అయితే జడ్జి మాదిరి కాగితాలు చూసి, సాక్ష్యం విని అవార్డు, అంటే తీర్పు ఇస్తాడు, మీకు నచ్చినా నచ్చకపోయినా దాన్ని కోర్టు డిక్రీ లాగానే అమలు చేయిస్తారు, ఆస్తి జప్తు దాకా పోతుంది. మీరు పోకుండా ఇంట్లో కూర్చున్నా 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 25 కింద ఉన్న కాగితాలతోనే అవార్డు ఇచ్చేయొచ్చు. తర్వాత సెక్షన్ 34 కింద కొట్టేయమని అడగాలంటే అవార్డు చేతికొచ్చిన 3 నెలల్లోనే అడగాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, అంతే. అప్పుడు కూడా లెక్కలన్నీ మొదట్నుంచి మళ్ళీ చూడండి అంటే కోర్టు చూడదు.

నాకు కోపం తెప్పించింది ఆ ఆడిటర్ సంగతి. ఒక పార్టీతో వ్యాపార సంబంధం ఉన్న మనిషి ఆర్బిట్రేటర్‌గా పనికిరాడని 2015 సవరణలో సెక్షన్ 12(5) పెట్టినారు. గొడవ మొదలైనాక మీరే అభ్యంతరం లేదని రాసిస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది, మీ పార్ట్‌నర్ మీ దగ్గర అడుగుతున్న సంతకం అదే. దయచేసి పెట్టొద్దు.

అట్లని నోటీసును పక్కన పడేయొద్దు. ఆడిటర్ ఎందుకు వద్దో రాసి, మీ తరఫున నిష్పక్షపాతంగా ఉండే ఒకరిద్దరి పేర్లు చెప్పి 30 రోజుల్లోపు రిజిస్టర్డ్ పోస్టులో జవాబు పంపండి. పేరు మీద ఇద్దరికీ కుదరకపోతే సెక్షన్ 11 కింద హైకోర్టు నియమిస్తుంది. ముందే మీరు పోయి సివిల్ కోర్టులో దావా వేసినా లాభం లేదు, ఆయన డీడ్ చూపించి సెక్షన్ 8 కింద పిటిషన్ వేస్తే మళ్ళీ ఆర్బిట్రేషన్‌కే పంపుతారు.

మీకు రాజీ ఇష్టమైతే అదే జవాబులో ముందు మీడియేషన్‌కు కూర్చుందాం అని రాయండి, అందులో తప్పేం లేదు. ఆర్బిట్రేషన్ మొదలైనాక కుదిరినా సరే, ఇంటి దగ్గర తెల్లకాగితం మీద రాసుకొని వదిలేయకుండా సెక్షన్ 30 కింద ఆ రాజీనే అవార్డుగా ఇమ్మని ఆర్బిట్రేటర్‌ను అడగండి, రేపు మీ పార్ట్‌నర్ మాట తప్పితే నేరుగా ఎగ్జిక్యూషన్‌కు, అంటే కోర్టు ద్వారా అమలుకు పోవచ్చు.

డీడ్, నోటీసు, అది వచ్చిన పోస్టు కవరు జాగ్రత్తగా పెట్టుకోండి, 30 రోజులు ఎప్పట్నుంచి లెక్కనో తేలాలంటే ఆ కవరు మీద తేదీ అవసరం పడుతుంది.