స్టెప్నీ కొనే ముందు బండి కిందకి దూరి చూడు

చిరంజీవి కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

బండి ఫొటోలు చూశాను. ఫియట్ డుకాటో వ్యాను మీద కట్టిన మోటార్‌హోమ్, పాతదే అయినా చాసిస్ (అడుగు చట్రం) శుభ్రంగా ఉంది, మంచి బేరమే. స్టెప్నీ లేదనీ, పంచరు పూడ్చే సీలెంట్ సీసా, చిన్న గాలి పంపు ఇచ్చారనీ రాశావు. ఇక్కడ ఇంగ్లండులో చాలా మోటార్‌హోమ్‌లు అలాగే వస్తాయి. స్టెప్నీ ఉండి తీరాలని చట్టం కూడా లేదు. అయినా అమ్మానాన్నల్ని ఎక్కించుకుని స్కాట్లాండ్ ఉత్తర తీరం చుట్టి వస్తానంటున్నావు కాబట్టి పెట్టించుకోమనే చెబుతాను. మేకు గుచ్చుకుంటే సీలెంట్ పనికొస్తుంది. కానీ అక్కడి సన్నటి రోడ్ల మీద ఎదుటి బండికి దారివ్వబోయి చక్రం తారు అంచు దిగిందంటే టైరు పక్కభాగం చీలుతుంది. ఆ చీలికని ఏ సీలెంటూ ఆపలేదు. ఆ తీరంలో డర్నెస్ లాంటి చిన్న ఊళ్ళో ఆదివారం పూట ఆ సైజు టైరు కోసం ఎదురుచూడటం, పెద్దవాళ్ళు బండిలో ఉండగా, నీకు వద్దు.

మొదట స్టెప్నీ చక్రం సంగతి. డుకాటోలో రెండు రకాలున్నాయి. 15 అంగుళాల రిమ్ముకి బోల్టుల వలయం వ్యాసం 118 మిల్లీమీటర్లు, ఎక్కువ బరువు మోసే మ్యాక్సీ చాసిస్ 16 అంగుళాల రిమ్ముకి 130. ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. పెజో బాక్సర్, సిట్రోయెన్ రిలే కూడా ఇదే కుటుంబం కాబట్టి పాత బండ్లు విప్పే యార్డుల్లో వాటి రిమ్ము దొరికినా సరిపోతుంది, సైజు మాత్రం కొలిచి తీసుకో. నీ బండికి అల్లాయ్ చక్రాలున్నాయి. ఇనుప రిమ్ము స్టెప్నీగా కొంటే దానికి తగిన బోల్టులు వేరే కొని, సంచిలో కట్టి చక్రంతో పాటే ఉంచు. అల్లాయ్ బోల్టులు ఇనుప రిమ్ముకి వాడితే పొడవూ, కూర్చునే తీరూ తేడా వచ్చి ప్రమాదం. టైరు మీద లోడు అంకె మిగతా వాటితో సమానంగా ఉండాలి. 225/75 ఆర్16 సీపీ (మోటార్‌హోమ్‌ల కోసం చేసిన రకం) టైరు మీద 116 అని ఉంటే ఒక్కో టైరు 1,250 కిలోలు మోస్తుందని అర్థం. తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో పక్కనే ఉంటాయి, అవీ చూడు.

ఇక ఎక్కడ బిగించాలన్నది. వెనక గోడకి వేలాడదీయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ఆ గోడ పల్చటి రేకుల మధ్య ఫోమ్ పెట్టి అతికించినది, లోపల ప్రత్యేకంగా ఇనుప చట్రం ఉంటే తప్ప బరువు మోయదు. చాసిస్ కింద వించితో (తాడు చుట్టే మరతో) దించే క్యారియర్ అన్నిటికన్నా మంచిది. కొనే ముందు కిందకి దూరి కొలుచుకో. వాడిన నీళ్ళ ట్యాంకు, టో బార్ (ట్రైలర్ తగిలించే కడ్డీ) ఆ చోటుని ఆక్రమించి ఉంటాయి. వెనక సగం ఫియట్‌ది కాక ఆల్‌కో అనే వేరే కంపెనీ చాసిస్ అయితే ఫియట్ క్యారియర్ పట్టదు, ఆల్‌కో వాళ్ళదే కావాలి. ఆ చాసిస్‌కి బెజ్జాలు వేయకూడదు, వెల్డింగ్ అసలే వద్దు. బిగించాక ఇన్సూరెన్స్ వాళ్ళకి ఒక మాట చెప్పు.

బరువు విషయం మాత్రం నిదానంగా చదువు. చక్రం, క్యారియర్ కలిపి 40 కిలోలనుకుందాం. అది వెనక ఇరుసుకి ఇంకా 2 మీటర్లు వెనక వేలాడుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లయితే, వెనక ఇరుసు మీద పడేది 40 కాదు, 60 కిలోలు. ఆ మిగతా 20 ముందు ఇరుసు మీద తగ్గుతాయి. కావడిలో వెనక కుండ బరువైతే ముందుది పైకి లేచినట్టే. నీ బండిని లాగేది ముందు చక్రాలు కాబట్టి తడి గడ్డి మీద పట్టు తగ్గేది అక్కడే. అందుకని క్యారియర్ బిగించాక నీళ్ళు, గ్యాసు, సామాను, మనుషులు అందరితో వే బ్రిడ్జికి వెళ్ళి ఒక్కో ఇరుసూ విడిగా తూయించు. బండి ప్లేటు మీద మొత్తం బరువు, 1 అని ముందు ఇరుసు, 2 అని వెనక ఇరుసు పరిమితులు ఉంటాయి. 1997 తర్వాత లైసెన్సు తీసుకున్న నీకు 3,500 కిలోలు దాటితే చట్టమూ ఒప్పుకోదు. ఎక్కువైతే సామాను దించు, స్టెప్నీని కాదు.

అన్నీ అయ్యాక, బయల్దేరే ముందు ఒక ఆదివారం ఇంటి ముందే చక్రం పూర్తిగా మార్చి చూడు. వెనక టైరులో గాలి తీసేసి మరీ చెయ్యి. ఎందుకంటే గాలి పోయిన వెనక చక్రం మీద బండి కిందకి కూర్చుంటుంది. అప్పుడు కింద ఉన్న స్టెప్నీ బంపరు కిందనుంచి బయటికి రాకపోవచ్చు. ముందు జాకీతో లేపాలా, లెవెలింగ్ దిమ్మ (బండిని సమంగా నిలపడానికి చక్రం కింద పెట్టేది) మీదకి ఎక్కించాలా అన్నది ఇంటి దగ్గరే తేలిపోవాలి. కారు జాకీ దీనికి చాలదు. పుస్తకంలో చూపిన చోట, 3 టన్నుల పైమాట జాకీ, దాని కింద మందపాటి చెక్క. నిలబడి ఉన్నప్పుడు బండి ఊగకుండా వెనక మూలల్లో దించే కాళ్ళు జాకీలు కావు, వాటితో ఎత్తకు. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పడుతుంది, ఒకటి గాల్లోకి లేస్తే ఆ పట్టు సగమే. గేరులో పెట్టి, ముందు చక్రాలకి రెండువైపులా చెక్కలు అడ్డం పెట్టు. లోపల ఎవరూ ఉండకూడదు, నాన్న మోకాళ్ళ నొప్పి అన్నా సరే, దించి కుర్చీ వెయ్యి.

డుకాటోకి ఉండేవి బోల్టులు, హబ్బుకి స్టడ్లు ఉండవు. బరువైన చక్రాన్ని ఎత్తి పట్టుకుని బెజ్జం కలపడం ఒంటరి మనిషికి కష్టం. అదే మరతో తల లేని పొడవాటి స్టడ్ ఒకటి సంపాదించు. దాన్ని హబ్బుకి బిగించి చక్రం తగిలిస్తే మిగతా బోల్టులు సులువుగా పడతాయి, చివర్లో దాన్ని తీసి అసలు బోల్టు వెయ్యి. బిగింపు 15 అంగుళాల వాటికి 160, 16 వాటికి 180 న్యూటన్ మీటర్లు, నీ పుస్తకంతో సరిచూసుకో. 50 కిలోమీటర్లు నడిచాక టార్క్ పానాతో మళ్ళీ బిగించాలి.

స్టెప్నీలో వెనక టైరుకి చెప్పినంత గాలి ఉంచు. ముందుకి వేయాల్సొస్తే కొంచెం తీసేయొచ్చు, ఎక్కించడమే కష్టం. చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పుకి వించి తాడు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు కిందకి దించి గ్రీజు పెట్టు.

మోటార్‌వే మీద పంచరైతే మాత్రం ఇవేవీ చెయ్యొద్దు. హార్డ్ షోల్డర్ (రోడ్డు అంచున అత్యవసరంగా ఆగే పట్టీ) మీద జాకీ తియ్యకు, ఎడమ తలుపుల్లోంచి అందరినీ దించి రెయిలింగు అవతలికి తీసుకెళ్ళి సాయానికి ఫోన్ చెయ్యి.

క్యారియర్ కొనే ముందు కింద తీసిన ఫొటోలు, కొలతలు నాకు పంపు. తూకం చీటీ కూడా పంపితే ఇద్దరం కలిసి లెక్క చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న